సాగనంపేవాళ్లు సున్నా

"మన ప్లాట్‌ఫారం ఇరుకు కాదు! సాగనంపేవాళ్లే ఎక్కువ! రేపటినుంచి ప్రయాణికులకు మాత్రమే ప్రవేశం!"

నేలమీద నిలబడే చోటు దొరక్క, రద్దీ నివారణ అధికారిగారు స్టూలెక్కి ఈ ప్రకటన చదివారు. ప్లాట్‌ఫారం ఐదువందల మందికి కట్టింది. వచ్చేది రెండువేలమంది. దాన్ని పెంచాలంటే సిమెంటు కావాలి. మనుషుల్ని తగ్గించాలంటే కాగితం చాలు.

ఆ ప్రకటన నేనూ విన్నాను. మా చెల్లెలు నెలనెలా వైద్యానికి రైల్లో వెళ్తుంది. ఒకప్పుడు పొయ్యిమీద పాలున్నాయని మా ఆయన్ని గుమ్మంలోనే సాగనంపాను. ఆయన తిరిగి రాలేదు. అప్పటినుంచి ఎవరు వెళ్లినా ఆఖరి పెట్టె కనుమరుగయ్యేదాకా నేను కదలను.

మర్నాడు గేటు దగ్గర టికెట్లు చూసే ఆయన ఆపేశాడు.

"టికెట్టేది మామ్మగారూ?"

"నేను వెళ్లడం లేదు నాయనా. మా చెల్లెలు వెళ్తోంది."

"అయితే వీడ్కోలు ఇంట్లోనే చెప్పుకోండి. ఆఫీసరుగారి ఆర్డరు."

"ఇంట్లో రైలు కదలదుగా!"

అటూఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పక్క స్టేషన్‌కి టికెట్టు కొనుక్కోండి. ఎక్కారో లేదో చూడమని ఇంకా ఆర్డరు రాలేదు."

కొన్నాను. తిరిగి చూస్తే, నా వెనకాల ఊరంతా పక్క స్టేషన్‌కే బయల్దేరింది!

కొన్ని నెలల్లో ప్రయాణికులు మూడింతలయ్యారు. ప్లాట్‌ఫారం మీద అదే రెండువేలమంది, అవే మోచేతులు. 'సాగనంపేవాళ్లు సున్నా' అని నివేదిక వెళ్లింది. పక్క స్టేషన్‌కు ఇంత గిరాకీయా అని పైవాళ్లు ఆశ్చర్యపోయి, అక్కడి ప్లాట్‌ఫారాన్ని రెట్టింపు చేయించారు! అక్కడ దిగేది ఎప్పటిలాగే నలుగురు. అధికారిగారికి ప్రమోషను, దాంతోపాటు బదిలీ.

ఆయన వెళ్లే రైల్లోనే మా చెల్లెలూ వెళ్తోంది.

"ఇంక ఇంటికెళ్లక్కా, కాళ్లు లాగుతాయి. నేనేం తప్పిపోతానా?" అంది కిటికీలోంచి.

"నోర్ముయ్! రైలు కదలనీ."

నా పక్కన నా ఈడు ఆవిడ నిలబడి ఉంది. ఆవిడ గుప్పిట్లోనూ పక్క స్టేషన్ టికెట్టే.

"మీవాళ్లెవరు వదినా?" అన్నాను.

"అదుగో, ఆ ఆఫీసరు మావాడే. వీడ్కోలు ఇంట్లోనే చెప్పేస్తానురా అంటే వినలేదు. టికెట్టు కూడా వాడే కొనిచ్చాడు. చిన్నప్పటినుంచీ అంతే, నేను కనబడకపోతే వాడు రైలెక్కడు."

రైలు కదిలింది. అధికారిగారు తలుపు దగ్గర నిలబడి, ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ, ఇంకో చెయ్యి ఊపుతూనే ఉన్నారు. ఆఖరి పెట్టె కనుమరుగయ్యేదాకా మేమిద్దరం కదల్లేదు.

రికార్డు ప్రకారం అప్పటికి మేం పక్క స్టేషన్‌లో, ఆ కొత్త ప్లాట్‌ఫారం మీద, విశాలంగా దిగి ఉన్నాం.