నా మోకాలి అవసరాలపై విచారణ

మనిషికి మోకాళ్ళు రెండే. వాటి మీద అధికారం ఉన్నవాళ్ళు ఎంతమందో మాత్రం ఇంతవరకు ఎవరూ తేల్చలేదు.

ఇంత పెద్ద మాట రాసి వెంటనే క్షమాపణ అడుగుతున్నాను. నేను అక్షరాలు నేర్చుకున్నది మావారు పోయాక, జుట్టు నెరిశాక. ఒత్తులు అక్కడక్కడా జారిపోతుంటాయి. ఒక్కో వాక్యం పూర్తయ్యేసరికి పక్కనున్న టీ చల్లారిపోతుంది. తొందరున్నవాళ్ళు ఈపాటికి వెళ్ళిపోయే ఉంటారు. మిగిలినవాళ్ళకు నింపాదిగా చెబుతాను.

మా పెద్దవాళ్ళ సాయంత్రం బడిలో ఒక నియమం ఉంది. దిద్దీ దిద్దీ వేళ్ళు కొంకర్లు పోతాయి కాబట్టి, చివర్లో అందరూ ఆవరణలో వాలీబాల్ ఆడాలి. చదువు మధ్యలో మానేసినవాళ్ళు ఉన్నారు గాని వాలీబాల్ మానేసినవాళ్ళు లేరు. నెట్ దగ్గర నేను చేతులెత్తి ఎగిరితే అవతలి బంతి ఇవతలికి రాదు. అందుకని జట్టులో నన్ను 'గోడ' అంటారు. ఇంట్లో నాకు అమ్మ, అత్తయ్య, అమ్మమ్మ అనే పదవులున్నాయి. అవన్నీ ఎవరికో ఒకరికి పనికొచ్చేవి. గోడ ఒక్కటే ఎవరికీ పనికిరాని పదవి. అందుకే దాని మీద నాకు మమకారం ఎక్కువ.

ఒక ఆదివారం బట్టల మిల్లు ఆడవాళ్ళతో ఆట పడింది. ఎగిరాను, బంతి ఆపాను, దిగేటప్పుడు కాలు ఒకవైపు, ఒళ్ళు ఇంకోవైపు తిరిగాయి. మోకాల్లో ఎండుపుల్ల విరిగినట్టు టక్కుమంది.

"పాయింట్ మనదే వదినా!" అని అరిచింది మా జట్టులోని ఈల. (ఆమె గొంతు అలాంటిది. జట్టుకు వేరే ఈల కొనాల్సిన అవసరం రాలేదు.) తర్వాత నా మొహం చూసి, "పోయిన కాలూ మనదేనా?" అంది.

మర్నాడు నేనూ మా అమ్మాయీ ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడ ఆటల గాయాలకు ఒక విభాగం, ముసలి కీళ్ళకు ఒక విభాగం ఉన్నాయి. ఎవరు ఎక్కడికి వెళ్ళాలో టోకెన్ మిషన్ చూసుకుంటుంది. అది నా వయసు అడిగింది. చెప్పాను. ఇంకేమీ అడక్కుండా ముసలి కీళ్ళ టోకెన్ చేతికిచ్చింది. (మిషన్‌కు పెద్దలంటే గౌరవం.) అయినా వెళ్ళి ఆటల వరసలోనే నిలబడ్డాను. కౌంటర్‌లో ఉన్నాయన నా భుజం మీదుగా వెనక్కి తొంగి చూశాడు.

"పేషెంటు ఎవరమ్మా? మనవడా?"

"నేనే."

"ఎలా జరిగింది?"

"వాలీబాల్‌లో బ్లాక్‌కి ఎగిరి దిగుతుంటే."

ఆయన కంప్యూటర్‌లో కారణాల పట్టీ తెరిచాడు. నా వయసు ఆడవాళ్ళకు ఆసుపత్రి అనుమతించిన కారణాలు నాలుగు: మెట్లు, తడినేల, బాత్రూం, మనవలను ఎత్తుకోవడం.

"ఏదో ఒకటి చెప్పండమ్మా, వెనక జనం ఉన్నారు."

"బంతి లేదా బాబూ?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "బంతి మీద కాలేసి జారారు అని పెట్టొచ్చు. అది తడినేల కిందకి వస్తుంది."

అలా నేను తడినేల కేసునయ్యాను.

స్కాన్ తీశారు. డాక్టరమ్మ మంచి మనిషి. కంప్యూటర్ వైపు కాకుండా నా మోకాలి వైపు చూసి మాట్లాడింది. "లోపల తాడులాంటి లిగమెంట్ ఉంటుందండి, అది తెగింది. కసరత్తు చేసి తొడ కండ గట్టిచేసుకుంటే ఆపరేషన్ లేకుండానే నడుస్తారు, మెట్లెక్కుతారు, ఇంటిపని చేసుకుంటారు. మళ్ళీ ఎగరాలి, గిర్రున తిరగాలి అనుకుంటేనే ఆపరేషన్. కోలుకోడానికి ఏడాది పట్టొచ్చు. నొప్పి ఉంటుంది. మునుపటిలా అవుతుందని మాటివ్వలేను. మీకేం కావాలి?"

కూరగాయల కొట్టతను తప్ప ఈ మాట నన్నెవరూ అడగలేదు.

"ఎగరాలి" అన్నాను.

"అమ్మా!" అంది మా అమ్మాయి.

ఇంటికొచ్చాక చర్చ జరిగింది. అల్లుడు, "క్యారమ్స్ ఆడుకోండి అత్తయ్యా, కూర్చునే ఆట" అన్నాడు. (బోర్డు కూడా కొంటానన్నాడు. ఉదారుడు.) అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"నాన్నను అదే ఆసుపత్రిలో పోగొట్టుకున్నాం. నువ్వు ఆటకోసం ఆపరేషన్ బల్లెక్కుతానంటే నేనేమైపోవాలే?"

"నేనేమైపోవాలో కూడా అడగవే" అన్నాను.

అది లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. పొద్దున్నే లేచి, "పద, విచారణకు టైమవుతోంది" అంది.

విచారణ అంటే, నా వయసువాళ్ళకైనా, పాత గాయం తిరగబెట్టినవాళ్ళకైనా ఆపరేషన్ చేయాలంటే 'మోకాలి అవసరాల సంఘం' ఒప్పుకోవాలి. ముగ్గురు సభ్యులు, మధ్యలో అవసరాల అధికారి. నాకంటే ముందు ఒక గడ్డం ఫుట్‌బాల్ ఆటగాడు లోపలికి వెళ్ళొచ్చాడు. ఆయనది పాత గాయం, మళ్ళీ తెగిందట. ఆయనకు 'మధ్యరకం శ్రమ' అని తేల్చి, వరసలో ఆగమన్నారు.

"ఎగరడం అవసరాల కిందకి రాదమ్మా" అన్నాడు అధికారి నాతో, దిగులుగా. "సరదా కిందకి వస్తుంది. సరదాకు కత్తి పెట్టం."

అప్పుడు మా అమ్మాయి గొంతు సవరించుకుంది.

"మా అమ్మ మంచినీళ్ళ క్యాను మూడో అంతస్తుకు మోస్తుందండి. మా లిఫ్ట్ పనిచెయ్యదు."

ముగ్గురూ తలలెత్తారు. "రోజూనా?"

"రోజూ. మంచాల కింద వంగి తుడుస్తుంది. బకెట్ల బట్టలు డాబా మీదకి తీసుకెళ్తుంది. మా చిన్నదాన్ని చంకనేసుకునే ఇవన్నీ చేస్తుంది."

సభ్యులు గుసగుసలాడుకున్నారు. ఒకాయన, "ఆ ఫుట్‌బాల్ అబ్బాయికి ఆట మధ్యలో విరామం ఉంటుంది" అని గుర్తుచేశాడు. అధికారి మా అమ్మాయి వైపు తిరిగాడు.

"ఈవిడకు విరామం ఉందా?"

"లేదండి" అంది గర్వంగా. అన్నాక, తను అన్నది తనకే వినబడినట్టుంది. నా వైపు చూసి తలదించుకుంది.

సంఘం ఏకగ్రీవంగా నన్ను 'అత్యధిక శ్రమ' వర్గంలో చేర్చింది. ఫుట్‌బాల్ ఆయన కంటే నేను ముందు. ఆటగాళ్ళకు చేసే పద్ధతిలోనే, ఆటగాళ్ళకు చేసే డాక్టరుతోనే ఆపరేషన్. ఇంటిపనికి ఆపరేషనే అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పిన సంగతి ఎవరూ ఎత్తలేదు. (నేనూ ఎత్తలేదు. పెద్దల నిర్ణయానికి అడ్డు చెప్పకూడదు.) షరతు ఒక్కటే. కొత్త లిగమెంట్ అంట్లు తోముతూ తెగితే ఆసుపత్రి బాధ్యత, బంతి ఆడుతూ తెగితే ఆసుపత్రికి సంబంధం లేదు. అందుకని ఇక ఆడనని సంఘం ఎదుట మాటివ్వాలి.

నేను నోరు తెరిచాను. ఏం చెప్పేదాన్నో ఇప్పటికీ నాకు తెలియదు. అబద్ధమాడితే మోకాలు దక్కుతుంది. నిజం చెబితే తడినేల కేసుగానే మిగిలిపోతాను.

"మీరు కాదమ్మా" అన్నాడు అధికారి. "భర్త లేనివారి తరఫున బాధ్యులు చెప్పాలి. బాధ్యుల మాటే మీ మాట. నిబంధన."

మా అమ్మాయి లేచి నిలబడింది. బల్ల కింద నా వేళ్ళు గట్టిగా పట్టుకుంది.

"ఇకనుంచి నేను వాలీబాల్ ఆడను" అంది.

"స్పష్టంగా, అందరికీ వినిపించేలా."

"నేను, జీవితంలో, వాలీబాల్ ఆడను!"

సంఘం సంతృప్తి చెందింది.

ఆపరేషన్ జరిగింది. నొప్పి గురించి డాక్టరమ్మ తక్కువే చెప్పింది. నేను మంచం మీద ఉన్నన్నాళ్ళూ ఆసుపత్రి యాప్ రోజూ పలకరించేది: 'ఈ రోజు వంగి తుడవగలిగారా?' లేదు అని నొక్కితే ఏడుపు బొమ్మ వచ్చేది. నీళ్ళ క్యాను మోత అల్లుడికి పడింది. ఆ వారంలోనే లిఫ్ట్ బాగైంది. (అన్నేళ్ళూ దానికేం జబ్బో ఎవరికీ అంతుబట్టలేదు.)

ఏడాది గడిచింది. మోకాలు మునుపటిలా లేదు. నా ఎగురు తగ్గింది. మిల్లు ఆడవాళ్ళ బంతులు కొన్ని పైనుంచి దాటిపోతున్నాయి. ఈల ఊరుకుంటుందా? "గోడ ఒక వరస ఇటుక తగ్గింది వదినా, మేస్త్రీని పెట్టి కట్టించు" అంటుంది. కసరత్తు చేస్తున్నాను.

ఇంతకీ సంఘానికి ఇచ్చిన మాట తప్పామని ఎవరైనా అనుకుంటారేమో. మా ఇంట్లో ఆ అలవాటు లేదు. మా అమ్మాయి మాట మీద నిలబడే మనిషి. ఈ రోజు వరకు వాలీబాల్ ముట్టుకోలేదు.

ఇట్లు,
గోడ.
వయసు అరవై రెండు (ఆటకు ఎక్కువ, అంట్లకు సరిపడా).
ఇప్పుడు ఉంటున్నది కూతురి ఇంట్లో, మూడో అంతస్తు. సాయంత్రాలు వస్తే ఉండను.