మొన పైకి పెట్టిన ఇత్తడి

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి, రిటైరైన బ్యాంకు మేనేజరు గారికి పెరట్లో ఇసుక కుప్ప పక్కన ఒక ఇత్తడి వస్తువు దొరికింది. పిడికిట్లో ఇమిడేంత ఉంది. ఒక కొస మొనదేలి ఉంది. రెండో కొస చదునుగా ఉంది, దానికి చిల్లు ఉంది. చిల్లుకు మట్టి పట్టిన దారం ముక్క ఉంది. చెత్త అనుకుని ఆయన ఆ దారాన్ని తెంపి పారేశారు.

ఫోన్లో గ్రూపుల వల్ల జనం చెడిపోతున్నారని గోలపెట్టేవాళ్లు ఇది చదివి బుద్ధి తెచ్చుకోవాలి. పూర్వం మనిషికి తెలియని వస్తువు ఎదురైతే ‘ఏమో’ అని ఊరుకునేవాడు. ఎంత దిక్కుమాలిన మాట! గ్రూపులొచ్చాక ఆ మాట ఎవరి నోటైనా విన్నారా? అజ్ఞానం అనే జబ్బుకి ఇంతకన్నా మందు ఏముంటుంది?

మేనేజరు గారు వస్తువుని పాలిష్ పెట్టి తళతళలాడించారు. చదును కొస బల్లకి ఆనించి, మొన పైకి నిలబెట్టి, ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టారు. కాఫీ చల్లారకముందే అది ఈటె మొన అయింది. తర్వాత పల్లకీ బొడిపె అయింది. మధ్యాహ్నానికి అత్తరు సీసా మూత, సాయంత్రానికి ఓ రాణి గారి బొంగరం. ఆ రాణి ఎవరని అడిగినవాణ్ణి అందరూ కలిసి చీవాట్లు పెట్టారు. వస్తువు చేతిలో ఉన్నవాడికి తెలియనిది, ఎక్కడో బస్సులో నిలబడి వేళ్లాడుతున్న పెదనాన్న కొడుక్కి తెలిసిపోయింది. ఇది వరం కాకపోతే మరేమిటి?

మేనేజరు గారి పట్టుదలకి కారణం ఉంది. పక్కింట్లో తోడల్లుడు ఉన్నాడు. అక్కని ఈయన చేసుకుంటే చెల్లెల్ని ఆయన చేసుకున్నాడు. ఏ విషయం ఎత్తినా తోడల్లుడు ‘అది నాకు ముందే తెలుసు అన్నయ్యగారూ’ అంటాడు. ఇరవై ఏళ్లుగా అంటున్నాడు. ఈ వస్తువు సంగతి మాత్రం ఆయనకి తెలియలేదు. మేనేజరు గారికి కావలసింది అంతే.

రెండిళ్ల మధ్య పాత ప్రహరీ పడిపోతే, ఆ వారమే కొత్తది కట్టిస్తున్నారు. బుధవారం మేస్త్రీ మంచినీళ్ల కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అద్దాల బీరువాలో ఉన్న వస్తువు ఆయన కంటపడింది. ఆయనకీ ఒక అభిప్రాయం ఉంది. ఈ రోజుల్లో లేనిదెవరికి?

“బాగుందండి. పాత తలుపుదై ఉంటుంది” అన్నాడు. నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, “నా తూకం గుండు మీ పెరట్లో ఎక్కడైనా కనబడిందా అండీ? గోడ నిటారు చూసుకునేది. మా నాన్నది” అని అడిగాడు.

“కనబడితే గ్రూపులో పెట్టేవాణ్ణి కాదటయ్యా?” అన్నారు మేనేజరు గారు.

మేస్త్రీని తప్పుపట్టకండి. నల్లగా, మొన కిందికి, దారానికి వేలాడుతుంటే చూసిన మనిషి. మెరుస్తూ, మొన పైకి, అద్దం వెనక ఎప్పుడు చూశాడు? కొత్తది కొనుక్కొస్తానని బయల్దేరితే మేనేజరు గారు పని ఆపొద్దన్నారు. మేస్త్రీ కంటి అంచనాతో కట్టుకుపోయాడు.

గురువారం పొద్దున గ్రూపులో తోడల్లుడి మెసేజ్ వచ్చింది. ‘ఒప్పుకుంటున్నా అన్నయ్యగారూ. ఇది నాకు తెలియదు.’ మేనేజరు గారు దాన్ని మూడు కళ్లజోళ్లు మార్చి చదివారు. భార్యకి చదివి వినిపించారు. మళ్లీ చదివారు.

ఆవిడ అప్పుడు బీరువా తుడుస్తోంది. వస్తువు దొర్లిపోకుండా చిల్లులో దారం కట్టి కిటికీ చువ్వకి వేలాడదీసింది. అది కాసేపు ఊగి ఆగింది. కిటికీ అవతల కొత్త గోడ కనిపిస్తోంది. ఆవిడ గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“ఏవండీ, ఈ దారం వంకరగా ఉందా, ఆ గోడ వంకరగా ఉందా?”

మేనేజరు గారు దారాన్ని చూశారు. గోడని చూశారు. గోడ తోడల్లుడి ఇంటివైపు ఒరిగి ఉంది. ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నారు.

“సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. మేస్త్రీ కూడా పెరట్లోనే ఉన్నాడు” అందావిడ.

“ఉండనీ. ముందు దాన్ని దించు. మీ చెల్లెలి మొగుడు చూస్తే ‘నాకు ముందే తెలుసు’ అంటాడు.”

ఆవిడ దించింది. దారం విప్పి ఆయన చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లింది. మధ్యాహ్నానికి గోడ పూర్తయింది.

శనివారం గాలివానకి గోడ తోడల్లుడి స్కూటరు మీద పడింది. స్కూటరు మీద ఎవరూ లేరు. మేనేజరు గారు ఫొటో పెట్టీ పెట్టకముందే గ్రూపులో కారణాలు వచ్చేశాయి: ఇసుకలో ఉప్పు, నేలలో చెమ్మ, గాలి దిశ. చూశారా, ఎంత తొందరగా సాయం అందిందో! చివరికి తప్పంతా మేస్త్రీదేనని తేల్చారు. చుట్టాల్లో ఎవరూ ఆయన్ని ఇక పనికి పిలవకూడదని పెదనాన్న కొడుకు రాశాడు. కింద బొటనవేళ్లు వరసగా వచ్చాయి. మేనేజరు గారి బొటనవేలు అందరికన్నా ఆఖర్న వచ్చింది.

మేస్త్రీ సోమవారం వచ్చి, ఇటుక ముక్కల మధ్య గుండు కోసం ఇంకోసారి వెతుక్కుని వెళ్లాడు.

వస్తువు అద్దాల బీరువాలోనే ఉంది, మొన పైకి. కింద మేనేజరు గారి చేతిరాతతో ఒక చీటీ ఉంది: ‘ఇదేమిటో ఇంకా తేలలేదు.’