నాన్నమ్మకంటే ముందు ఇల్లు బయల్దేరింది

ఆ పొద్దున సూపర్‌వైజర్ వేసుకున్న ప్లాను చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. సర్దిన పెట్టెలు గుమ్మం దగ్గర పెట్టాలి. తల్లినీ కూతుర్నీ చెప్పుల కొట్టుకు తీసుకెళ్ళాలి, ఓడ మీద జారని చెప్పులు కొనాలి. ఈలోగా కంపెనీ చిన్న వ్యాను వచ్చి పెట్టెల్ని రేవుకు చేరవేస్తుంది. భార్య కళ్ళజోళ్ళ దుకాణంలో ఒంటిపూట పని చూసుకుని నేరుగా రేవుకు వచ్చేస్తుంది. సాయంత్రానికి నలుగురూ ఓడలో ఉంటారు. నాలుగు రోజులు నీళ్ళ మీద షికారు, మళ్ళీ ఇల్లు. ఇందులో తేడా రావడానికి సందెక్కడుంది చెప్పండి?

ఒక్క సందుంది. తల్లి ఇంకా వస్తానని ఒప్పుకోలేదు.

"ఇంట్లో మనిషి ఉండాలిరా," అంటుంది ఆవిడ. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ సూపర్‌వైజర్ వింటున్న మాట అదే. స్కూలు వాళ్ళు పిల్లల్ని విహారానికి తీసుకెళ్తే ఆవిడ గుమ్మం దాకా వచ్చి చెయ్యి ఊపింది. కొడుకు పెళ్ళాంతో కొండలు చూడ్డానికి వెళ్తే కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఎప్పుడో వేరే ఇంట్లో అద్దెకున్న రోజుల్లో అందరూ కలిసి ఊరెళ్ళొచ్చేసరికి దొంగలు ఇల్లు ఊడ్చిపెట్టారట. చెంబుతో సహా పోయాయట. అప్పట్నుంచీ ఆవిడ గడప దాటి ఒక్క రాత్రి బయట పడుకోలేదు. తాను కాపలా ఉండబట్టే తక్కినవాళ్ళు నిశ్చింతగా ఊళ్ళు చూశారన్న సంగతి సూపర్‌వైజర్‌కు నలభై దాటాక గాని తట్టలేదు. తట్టిన దగ్గర్నుంచీ మనసులో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. అందుకే ఈ ఓడ. జనం వంద చెబుతారు, గాలి మార్పని, పిల్ల సరదా అని. అసలు సంగతి మాత్రం ఒక్కటే. ఈసారి చెయ్యి ఊపేది ఆవిడ కాకూడదు.

సూపర్‌వైజర్ ఉద్యోగం ఇళ్ళ సామాను తరలించే కంపెనీలో. ఊళ్ళో సగం బీరువాలు అతని కళ్ళముందే మెట్లు దిగాయి. కూలీలకు అతను నేర్పిన రూలు ఒకటుంది. ఎర్ర స్టిక్కరు ఉన్నది ఎక్కించాలి, లేనిది ముట్టుకోకూడదు. సామాను చేరాల్సిన చోటు చేరేదాకా స్టిక్కరు పీకకూడదు. ఎందుకు, ఏమిటి అని అడక్కూడదు. అడిగితే పని సాగదు.

ఆ పొద్దున తన పెట్టెలకు కూడా అలవాటు కొద్దీ ఎర్ర స్టిక్కర్లు అంటించి, మిగిలిన స్టిక్కర్ల చుట్టను బల్ల మీద పడేసి స్నానానికి వెళ్ళాడు.

"నాన్నమ్మా, నువ్వు రావా?" అని అడిగింది కూతురు. ఇంట్లో అందరూ పిట్ట అంటారు. కూత పిట్టది, పట్టు మాత్రం ఉడుముది.

"ఇల్లు వదిలి ఎట్లా వస్తానే తల్లీ?" అంది నాన్నమ్మ, వంటగదిలో కుళాయి బిగిస్తూ. "చెప్పుల కొట్టు దాకా వస్తా, అంతే. ఇల్లు కూడా ఓడెక్కుతుందంటే చెప్పు, అప్పుడొస్తా."

పిట్ట ఆలోచనలో పడింది. ఏడేళ్ళ పిల్ల ఆలోచిస్తుంటే పెద్దవాళ్ళు చేతిలో పని ఆపి చూడాలి. ఎవరూ చూడలేదు.

పిట్ట ఎత్తుకు అందేది ఏ వస్తువుకైనా నడుం దగ్గరే. బీరువాకు నడుం దగ్గర, ఫ్రిజ్‌కు నడుం దగ్గర, మంచానికి కోడు దగ్గర ఎర్ర స్టిక్కర్లు వెలిశాయి. గోడ గడియారానికి కుర్చీ ఎక్కి మరీ అంటించింది. చేపకు నీళ్ళు కనపడనట్టే సూపర్‌వైజర్‌కు ఎర్ర స్టిక్కర్లు కనపడవు. తల తుడుచుకుంటూ వచ్చి, తన తాళంచెవి ఎదురింటి టీచరమ్మకు ఇచ్చి, "మావాళ్ళు వస్తారు, కాస్త తలుపు తియ్యండమ్మా," అని చెప్పి, తల్లినీ కూతుర్నీ కారెక్కించాడు.

చెప్పుల కొట్టులో నాన్నమ్మ వేసుకున్న జతల్లా బాగుందంటూనే విప్పేసింది. ఆవిడ తొమ్మిదో జత విప్పుతుండగా ఫోను మోగింది. కూలీల పెద్ద. ఎంత బరువైనా "ఓ, ఇదెంత!" అంటాడని అందరూ బరువన్న అని పిలుస్తారు.

"సారూ, చిన్న వ్యాను చాలదు. పెద్ద లారీ తెప్పించమంటారా?"

సూపర్‌వైజర్‌కు పెళ్ళాం మీద అనుమానం వచ్చింది. రాత్రి ఇంకో రెండు పెట్టెలు సర్ది ఉంటుంది. "తెప్పించు మరి. ఆడవాళ్ళు సర్దాక అంతేగా."

"ఎన్నాళ్ళకండీ ప్రయాణం?"

"నాలుగు రోజులు."

"నాలుగు రోజులకేనా సారూ?"

"చిన్నపిల్ల ఉంది, పెద్దావిడ ఉంది. కావాలి కదయ్యా! స్టిక్కరుందా లేదా?"

"ఉంది సారూ."

"ఉంటే ఇంక మాటలెందుకు? ఎక్కించెయ్. పెద్దావిడ వస్తువులు జాగ్రత్త, గీత పడకూడదు."

"అట్లాగే. ఫ్రిజ్‌లో పాలున్నాయి, ఒలక్కుండా..." అంటుండగానే నాన్నమ్మ, "ఒరేయ్, ఈ జత కరుస్తోంది!" అని కేకేసింది. సూపర్‌వైజర్ ఫోను పెట్టేశాడు.

అక్కడ ఇంటి దగ్గర టీచరమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. పెట్టెలు వెళ్ళాయి, సరే. బల్ల వెళ్ళింది. బీరువా వెళ్ళింది. గడియారం టిక్కుటిక్కుమంటూ మెట్లు దిగింది.

"ఎక్కడికి నాయనా ఇదంతా?"

"ఓడకమ్మా," అన్నాడు బరువన్న, మంచం భుజానికెత్తుకుని.

"మళ్ళీ ఎప్పుడొస్తారో?"

నాలుగు రోజులకేనని సారు చెప్పాడు గాని, బరువన్నకు కళ్ళముందున్న మంచమే నిజమనిపించింది. "మంచం పట్టుకెళ్ళేవాళ్ళు మళ్ళీ వస్తారామ్మా?"

టీచరమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. కాసేపట్లో వీధి వీధంతా కబురు పాకింది. సూపర్‌వైజర్ వాళ్ళు ఎవరికీ చెప్పకుండా సముద్రం దాటి వెళ్ళిపోతున్నారు! పై వాటా వాళ్ళు ఏదో కష్టం వచ్చి ఉంటుందన్నారు. మూలింటి బేకరీ ఆయన, "పాపం, ముసలావిడను కూడా ఈడ్చుకెళ్తున్నారా!" అని కళ్ళు తుడుచుకుని, దారిలో తినడానికి ఒక పెద్ద కేకు కట్టాడు. ఇంటి ఓనరు చెవిన పడేసరికి ఆయన ఉన్నపళంగా కొలతల టేపు పట్టుకుని బయల్దేరాడు. వెంట ఒక కొత్త జంట కూడా ఉంది, ఇల్లు చూసుకోవడానికి.

చెప్పుల కొట్టులో పదకొండో జత కుదిరింది. సూపర్‌వైజర్ ప్లాను ప్రకారం అక్కణ్ణుంచి తిన్నగా రేవుకు పోనిచ్చి, దారిలో తల్లిని ఎలాగో బతిమాలుకోవాలి. కారు మలుపు తిరిగిందో లేదో, "గ్యాసు కట్టానో లేదో, ఇంటికి పోనీ," అంది ఆవిడ. బండి వెనక్కి తిప్పక తప్పలేదు. అప్పుడే భార్య ఫోను చేసింది.

"ఏమండీ, నేను రేవుకొచ్చా. మన మంచం ఇక్కడెందుకుంది?"

"ఏ మంచం?"

"మన మంచమే! దాని మీద ఎవరో పెద్దాయన కూర్చుని ఓడ కోసం చూస్తున్నాడు. బరువన్న ఫ్రిజ్ పట్టుకుని ఓడవాళ్ళతో పోట్లాడుతున్నాడు. మా సారు చెప్పాడు, ఎక్కించాల్సిందే అంటున్నాడు!"

అప్పటికి కారు వీధిలోకి వచ్చేసింది.

ఇంటి ముందు జాతరలా జనం. కారు దిగీ దిగగానే టీచరమ్మ వచ్చి నాన్నమ్మను వాటేసుకుని బావురుమంది. "ఇన్నేళ్ళు ఎదురెదురుగా ఉన్నాం, ఒక్క మాట చెప్పకూడదమ్మా?" బేకరీ ఆయన కేకు పిట్ట చేతిలో పెట్టి, "అక్కడ బాగా చదువుకో తల్లీ," అన్నాడు. ఇంటి ఓనరు చేతిలో టేపు వేలాడుతోంది. "నెల ముందు చెప్పాలండీ! ఇదేం పద్ధతి?"

"ఎవరు వెళ్తున్నారు? ఎక్కడికి?" అంటూ సూపర్‌వైజర్ లోపలికి పరిగెత్తాడు.

ఇల్లంతా నున్నగా ఊడ్చినట్టుంది. అడుగుల చప్పుడల్లా గోడలకు తగిలి తిరిగొస్తోంది. కొత్త పెళ్ళికూతురు వంటగదిలో నిలబడి, "ఇక్కడ బల్ల వేసుకోవచ్చు," అంటోంది. స్టిక్కరు లేనివి రెండే మిగిలాయి. ఒకటి పిట్ట స్కూలు సంచి. రెండోది పొట్ట తగ్గడానికని సూపర్‌వైజర్ కొని బట్టలారేసుకుంటున్న సైకిలు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ మాత్రం పెదవి వణికిస్తూ ఎదురుగానే నిలబడింది. వేలికింకా ఒక స్టిక్కరు ముక్క అంటుకునుంది.

"పిట్టా! నువ్వేనా?"

పిట్ట భోరుమంది. "నాన్నమ్మ ఇల్లు వదిలి రానందిగా! ఇల్లు కూడా ఓడెక్కితే వస్తానంది! అందుకే ఇల్లు మొత్తం ఎక్కించా!"

సూపర్‌వైజర్ భయపడుతూ తల్లి వైపు చూశాడు. దొంగలు ఊడ్చుకుపోయిన ఇల్లు ఒకసారి చూసిన మనిషి. ఇంకోసారి ఇలా ఖాళీ గోడలు చూపించాడు తను. చూపిద్దామనుకున్నది సముద్రం, చూపించింది ఇది. ఇక ఆవిడ ఈ జన్మలో గడప దాటదు.

నాన్నమ్మ నెమ్మదిగా గది గదీ తిరిగింది. కుళాయి చూసింది. గ్యాసు ఉండాల్సిన చోట గ్యాసే లేదు. గడియారం ఉన్న గోడ మీద ఒట్టి మేకు మిగిలింది. దాన్ని వేలితో తాకింది. ఆవిడ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందేమోనని అతను గబగబా దగ్గరకెళ్ళాడు.

ఆవిడ నవ్వుతోంది! కొత్త చెప్పులతో ఖాళీ గది మధ్య నిలబడి, కళ్ళనీళ్ళు కారేలా నవ్వుతోంది.

"ఇన్నేళ్ళూ దీనికోసం కాపలా కాశానురా. నేను కొట్టు దాకా వెళ్ళొచ్చేసరికి నాకు చెప్పకుండా అదే షికారుకెళ్ళింది," అంది. పిట్టను దగ్గరకు లాక్కుని కళ్ళు తుడిచింది. "ఇల్లే ముందు బయల్దేరితే నేను వెనకబడ్డం ఏం బాగుంటుంది? పదండి."

సూపర్‌వైజర్ ఊపిరి పీల్చుకుని, బరువన్నకు ఫోను చేసి సామాను వెనక్కి తెచ్చెయ్యమన్నాడు. ఆ మాట వినగానే నాన్నమ్మ గుమ్మంలో ఆగిపోయింది.

"మరి సామాను వచ్చేసరికి ఇంట్లో మనిషి ఉండొద్దూ?"

సూపర్‌వైజర్ ఊపిరి మళ్ళీ ఆగింది. ఈసారి కాపాడింది టీచరమ్మ. ముక్కు చీది, నడుం బిగించింది. "ఎందుకుండరూ? నేనున్నా. వదినా, మీ గడియారం ఏ మేకుకుండేదో నాకు తెలీదా? నా కిటికీలోంచి చూసే కదా నేను టైము చెప్పుకునేది!"

"నేనూ ఉంటా," అన్నాడు బేకరీ ఆయన. వీడ్కోలుకు వచ్చినవాళ్ళందరూ ఉంటామన్నారు. ఓనరు టేపు చుట్టేసుకుని, "ఎటూ వచ్చాగా, బీరువా నేను దగ్గరుండి పెట్టిస్తా," అన్నాడు. కొత్త పెళ్ళికూతురు కూడా మొహమాటంగా, "బల్ల ఎక్కడుండేదో చెబితే మేం వేస్తాం," అంది. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళు మోసి మోసి, సూపర్‌వైజర్ తన ఇంటికి ఇంతమంది భుజం పడతారని ఎన్నడూ అనుకోలేదు. పిట్ట చేతిలో ఉన్న కేకు అందుకుని, తుంచి అందరికీ తలో ముక్కా పెట్టాడు.

నాన్నమ్మ కొంగున కట్టుకున్న తన తాళంచెవిని విప్పి, తన చేత్తోనే టీచరమ్మ చేతిలో పెట్టింది. ఆ తాళంచెవి ఆవిడ చెయ్యి దాటడం కొడుకు చూడ్డం అదే మొదలు. కారు కదులుతుంటే ఆవిడ కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఈసారి వెళ్ళే మనిషిగా.

రేవులో ఓడ కూత పెడుతోంది. భార్య మంచం మీది పెద్దాయన్ని బతిమాలి లేపి, లారీని వెనక్కి పంపి, పెట్టెలు మాత్రం దించి ఉంచింది. పెట్టెలు ఓడెక్కిస్తానని బరువన్న ఆగాడు. ఓడెక్కే వంతెన దగ్గర నాన్నమ్మ కాలు ఆగింది. కింద ఓడకూ గట్టుకూ మధ్య నల్లటి నీళ్ళు కనపడుతున్నాయి. పిట్ట ఒక చెయ్యి, కోడలు ఒక చెయ్యి పట్టుకున్నా అడుగు పడలేదు.

"అత్తయ్యా, కిందికి చూడకండి."

"చూడకుండా ఎట్లా నడుస్తారే?"

వెనక నిలబడ్డ బరువన్న ఆవిడ వీపు వైపు పరీక్షగా చూసి, సూపర్‌వైజర్ చెవిలో, "సారూ, ఎత్తమంటారా?" అన్నాడు.

నాన్నమ్మ చెవులు పాము చెవులు. "చెయ్యి వేశావంటే చూడు! నేనేమన్నా ఫ్రిజ్‌నా?" అని గద్దించి, ఆ కోపంలోనే గబగబా నడిచి ఓడెక్కేసింది. ఎక్కాక గాని ఎక్కానని ఆవిడకే తెలీలేదు.

"నీకేం పోయేకాలమయ్యా, మా అమ్మను ఎత్తుతానంటావు?" అన్నాడు సూపర్‌వైజర్.

"నాదేముంది సారూ, మీ రూలేగా," అని బరువన్న వేలు చూపించాడు. నాన్నమ్మ శాలువా వెనక, సరిగ్గా పిట్ట చెయ్యి అందేంత ఎత్తులో, ఎర్ర స్టిక్కరు ఒకటి మెరుస్తోంది.

"అందరికంటే ముందు నాన్నమ్మకే అంటించా," అంది పిట్ట.

ఓడ గట్టు వదిలింది. నాన్నమ్మ కమ్మీ పట్టుకుని నిలబడింది. కనుచూపు మేర నీళ్ళను చాలాసేపు చూసి, "ఇంత పెద్దదాన్ని ఎవరు కాపలా కాస్తార్రా?" అంది. కొడుకు ఆవిడ వెనక నిలబడి, స్టిక్కరు పీకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

సామాను తిరిగి ఇల్లు చేరేదాకా పీకకూడదని రూలు పెట్టింది అతనే మరి.