వేలు ఆనితే చాలు

కంప్యూటర్ మీటలు పరుగులు తీయడం దేశానికి మహాభాగ్యం! కాదనేవాళ్లు అభివృద్ధికి శత్రువులు. సర్కారు ఆఫీసులో నలభైసార్లు మొక్కినా ఒక్క పని కాదు కదా? మరి ఒక్కసారి నొక్కితే నలభై అక్షరాలు పడుతుంటే ఏడుపెందుకు?

బహదూర్‌పురాలోని ఒక ఆఫీసుకు ఎనభై తొమ్మిదిలో ఆ భాగ్యం పట్టింది. కొత్త కంప్యూటర్‌కు దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, టైపిస్టు సుందరమ్మను దాని ముందు కూర్చోబెట్టారు. ఆమెది టైపు మిషన్ మీద పండిన చెయ్యి. నాలుగు కార్బన్ కాపీలకు అచ్చు దిగాలంటే మీటను బలంగా మోదాలి. మోదిన వేలు కాసేపు అక్కడే ఉన్నా పాత మిషన్ ఏమీ అనేది కాదు. ఇక్కడ 'సర్' అని కొడితే ఆఖరి అక్షరం లైన్లకు లైన్లు దాటిపోయింది.

ఎంత మర్యాద! ఇంత పొడుగు 'సర్' ఏ అధికారికి చేదు?

సుందరమ్మ భయం మాత్రం వేరు. ఈ కుర్చీ పోతే ఆదిలాబాద్ గోడౌనుకు బదిలీయే గతి. లాల్‌దర్వాజాలో బడికి పోయే పిల్లలను ఎవరు చూస్తారు?

మిషన్ చూడడానికి వచ్చే మహబూబ్, "నీ చేతిల ఏం లేదమ్మా. మీట రిపీట్ స్పీడు, అంటే అదే అక్షరం మల్ల మల్ల పడే స్పీడు, మస్తు పెట్టిన్రు. తగ్గిస్తే అయిపోతది," అన్నాడు.

మేనేజర్ రామ్‌చందర్ గారు మండిపడ్డారు. "ఏంది భాయ్, గింత ఖర్చు పెట్టి తెచ్చింది స్లో చేసుకునేటందుకా? మనిషి మారాలె, మిషన్ కాదు!"

నిజమే! చెప్పు కరిస్తే కాలు చెక్కుకోవాలి గాని చెప్పు మారుస్తారా?

సుందరమ్మ మారాలనే చూసింది. భయపడిన కొద్దీ వేలు ఇంకా అదిమింది. చివరికి బదిలీ ఖాయమైంది. ఆ ఆర్డరు ఆమె కొడితే పాడవుతుందని సారే స్వయంగా కూర్చున్నారు. ఒంటి వేలితో మీట వెతికి నొక్కి, తరువాతిది ఎక్కడుందా అని చూస్తూ వేలు తీయడం మరిచారు. తెరంతా ఒకటే అక్షరం!

"మహబూబ్ భాయ్, జర స్పీడు తగ్గియ్యి!"

నిమిషంలో తగ్గింది. అప్పటికే సారు వేలు అలసిపోయింది కనుక, "నువ్వే కొట్టమ్మా," అన్నారు.

సుందరమ్మ తన బదిలీ ఆర్డరు తానే కొట్టింది. ఒక్క అక్షరం ఎక్కువ పడలేదు.

"ఇప్పుడు మంచిగొస్తుంది కద సార్, ఇక్కడ్నే ఉండనియ్యున్రి," అంది.

రామ్‌చందర్ గారు కాగితం చూసి మురిసిపోయారు.

"ఎట్లుండనిస్తనమ్మా, ఆర్డరు గింత మంచిగ టైపయినంక!" అని సంతకం పెట్టారు.