తలమీద మొలిచిన గోళ్లు

మనిషి ఒంట్లో ప్రభుత్వం ఇంతకాలం పట్టించుకోని భాగం ఏదైనా ఉందంటే అది గోరే. కంటికి పథకం ఉంది, పంటికి శిబిరం ఉంది, వేలికి ముద్ర తీసే మిషన్ ఉంది. ఆ వేలి చివరే బుద్ధిగా కూర్చున్న గోరుకు మాత్రం ఒక ఆఫీసు లేదు, ఒక ఫైలు లేదు, కనీసం ఒక రబ్బరు స్టాంపైనా లేదు. ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికే వికారాబాద్‌లో 'నఖ రసాయన నియంత్రణ విభాగం' వెలిసింది. గోళ్ల రంగుల్లో ఒంటికి చేటు చేసే రసాయనాలను అరికట్టడం దాని పని. (అరికట్టాలంటే ముందు ఆఫీసుకు కుర్చీలు రావాలి. కుర్చీలు వచ్చాక వాటికి నంబర్లు వేయాలి. నంబర్లు వేసే రంగు మీద ఏ నియంత్రణా లేదు.)

విభాగానికి 'గోరు మిత్ర' అనే యాప్ కూడా ఉంది. జిల్లాలో దాన్ని నమ్మిన మొదటి మనిషి నాగరాణి.

నాగరాణిది ధారూర్ దగ్గరి పల్లె. రోజూ పొద్దున్నే రైలెక్కి తాండూరు వెళ్లి, జ్యోతిరాణి నడిపే బ్యూటీ పార్లర్‌లో పెళ్లికూతుళ్ల గోళ్లకు రంగు వేస్తుంది. ఆ రంగు పేరు 'రోజీ క్వీన్'. సీసా మూత తీస్తే పెట్రోలు బంకు గుర్తొస్తుంది. ఏడాదిగా ఆమె వేళ్ల చివర్లు ఉల్లిపొరల్లా ఊడుతున్నాయి. సాయంత్రమయ్యేసరికి కళ్లు మంటలు.

"జ్యోతక్కా, గీ రంగు మార్చరాదే. నా చేతులు జూడు."

"నా చేతులు మంచిగనే ఉన్నయి గదనే."

"నువ్వు రంగు ఏస్తలేవు. గల్లా కాడ కూసుంటున్నవు."

"గదే చెప్తున్న. రంగుల తప్పుంటే అందరికి కావాలె. నీకొక్కదానికే అయిందంటే నీ తోలుల తప్పున్నది," అంది జ్యోతిరాణి. ఆమె శాస్త్రీయంగా ఆలోచించే మనిషి.

నాగరాణి యాప్‌లో ఫిర్యాదు పెట్టింది. పార్లర్ అడ్రస్ ఇస్తే యాప్ 'ఆధార్‌తో సరిపోలలేదు' అని మూతి ముడుచుకుంది. ఇంటి అడ్రస్ ఇస్తే మాత్రం పచ్చగా వెలిగి, 'ధన్యవాదాలు. మీ గోరే మా గోరు' అంది.

నాలుగు రోజులకు సహాయ నఖాధికారి అనంతయ్య జీపు దిగాడు. తాండూరు పార్లర్ ముందు కాదు, పల్లెలో నాగరాణి ఇంటి ముందు. అక్కడ దొడ్డి నిండా మేకలు. ప్రతి మేక కొమ్ముల మీదా గులాబీ రంగు తళతళలాడుతోంది.

నిజానికి ఇందులో వింతేం లేదు. నాగరాణి తండ్రి శివయ్య మేకల కాపరి. ఊరి మేత కంచెలో నాలుగు మందలు కలిసి మేస్తాయి కాబట్టి, ఎవరి మేక ఎవరిదో తెలియడానికి ఒక్కో కాపరి ఒక్కో గుర్తు పెట్టుకుంటాడు. ఎర్రమట్టి జాజు పూస్తే ఒక్క వానకే పోతుంది. అందుకని అడుగంటి చిక్కబడ్డ రోజీ క్వీన్ సీసాలను పార్లర్ వాళ్లు పారేస్తుంటే, బిడ్డ ఇంటికి తెచ్చి ఇచ్చింది. ఆ రంగు వానకు పోలేదు, ఎండకు పోలేదు, పక్క మంద కాపరి బీరప్ప పోతుతో కుమ్ముకున్నా పోలేదు.

"మా మేకలు కూలికి పోతున్నట్టుంటయి శివన్నా, నీయేమో పెండ్లికి పోతున్నట్టుంటయి," అని బీరప్ప కుళ్లుకున్నాడు కూడా.

అనంతయ్య ఒక మేక ముందు గొంతుక్కూర్చుని, కొమ్ము గీకి, వాసన చూసి తుమ్మాడు. (మేక కూడా తుమ్మింది. దాన్ని వాంగ్మూలంగా నమోదు చేశారు.)

"దీంట్ల టోలుయీన్, ఫార్మాల్డిహైడ్ ఉన్నయి. ఎర్కేనా?"

"గాళ్లెవ్వలు సారూ? మా ఊరోళ్లయితే కాదు," అన్నాడు శివయ్య.

"గోళ్ల రంగు ఏసింది నువ్వేనా?"

"గోళ్లకు కాదు సారూ, కొమ్ములకు."

అనంతయ్య జాలిగా నవ్వి నిబంధనల పుస్తకం తెరిచాడు. గోరు ఏ పదార్థంతో తయారైందో, అదే పదార్థంతో తయారైన దేన్నయినా గోరుగానే లెక్కించాలని అందులో ఉంది. కొమ్ము పైతొడుగూ అదే పదార్థం. రిపోర్టులో ఇలా రాశాడు: 'గోళ్లు. ఒక్కొక్కరికి రెండు. తలమీద మొలిచి వెనక్కి వంగి ఉన్నవి.'

"అంటే లైసెన్సు లేకుంట పార్లర్ నడుపుతున్నవన్నట్టు."

"పార్లరేంది సారూ? గిది దొడ్డి."

"కస్టమర్లు రోజూ వస్తరా?"

"యాడికి పోతయి సారూ? పొద్దూకితే ఈన్నే పంటయి."

"బస గూడ ఉన్నదన్నట్టు," అని అనంతయ్య ఇంకో గడి నింపాడు. తరవాత ఏదో గుర్తొచ్చి మొహం గంభీరంగా పెట్టాడు. "జంతువుల మీద సౌందర్య సాధనాలు పరీక్ష చేసుడు నేరం. గది గూడ రాస్తున్న."

ఇక ఆగలేక నాగరాణి ముందుకొచ్చింది. "సారూ, ఫిర్యాదు వెట్టింది నేను. రంగుతోని నా చేతులు గిట్లయినయి, జూడుండ్రి."

అనంతయ్య చూశాడు. "అయ్యో," అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. మనసున్న అధికారి. "కానీ మనుషుల గోళ్లు రెండో దశమ్మా. మొదటి దశల పెద్దెత్తున వాడెటోళ్లను వట్టుకోవాలె. జిల్లా మొత్తం మీద ఒక్కతాన గిన్ని గోళ్లకు రంగేసింది మీ నాయినొక్కడే."

దొడ్డి తలుపుకు తాళం పడింది, తాళానికి లక్క సీలు పడింది. విచారణ పూర్తయ్యేదాకా కస్టమర్లు ఆవరణ దాటరాదని కాగితం అంటించి జీపు వెళ్లిపోయింది.

మేక నడుస్తూ మేసే జీవి. బంతిలో కూర్చోబెట్టి వడ్డిస్తే దానికి మర్యాద అర్థం కాదు. శివయ్య గోడ మీదుగా తుమ్మ మండలు వేశాడు, కంది పొట్టు గుమ్మరించాడు. అవి రెండు కొరుకులు కొరికి, తలుపు దగ్గర నిలబడి అరవడం మొదలుపెట్టాయి. మూడో రోజుకు ఈనిన మేకల పాలు తగ్గాయి. పిల్లలు తల్లుల పొదుగులు పొడిచి పొడిచి పక్కకు పడుకున్నాయి. శివయ్య ముద్ద ముట్టలేదు.

"గీ సార్లను ఎవ్వలు విలిచిన్రు బిడ్డా మన ఇంటికి?"

నాగరాణి చెప్పులు వేసుకుని వికారాబాద్ రైలెక్కింది.

ఆఫీసులో సూపరింటెండెంట్ ప్రియదర్శిని మేడం ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, విడుదల పద్ధతి ఓపిగ్గా వివరించింది. మొదట ఒక్కో కస్టమర్ ఒప్పుకోలు పత్రం మీద సంతకం చేయాలి.

"మేకలు మేడం అవి."

"సంతకం రాకుంటే వేలిముద్రయినా సరే."

"వేళ్లు లేవు మేడం."

"అయితే వేళ్లు లేనట్టు పశువుల డాక్టర్ తోని రాయించుకొని రా. గదైనంక, కస్టమర్ చెవి కింద అదే రంగు జరంత పూసి, రెండ్రోజులు దద్దుర్లు వస్తయా లేదా చూడాలె. రాకుంటే ఇడిసిపెడ్తం."

"పూస్తే మళ్ల జంతువుల మీద పరీక్ష చేసినట్టే గద మేడం?"

"అవును. దానికి ఇంకో కేసు," అంది మేడం, సందేహం తీర్చిన తృప్తితో.

నాగరాణి గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "మేడం, పిల్లలు పాలు లేక సచ్చేటట్టున్నయి. మా నాయిన గూడ గట్లనే ఉన్నడు. ఇంకో తొవ్వ లేదా?"

మేడం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఒకటున్నది. కేసంత నీ ఫిర్యాదు మీదనే నిలవడ్డది. నీ ఫిర్యాదు పరిష్కారమైతే కేసుండది. కేసు లేకుంటే సీలుండది. ఓటీపీ వస్తది, చెప్పు."

"పరిష్కారం యాడయింది మేడం? నా చేతులు గట్లనే ఉన్నయి."

"చేతులు యాప్‌ల కనవడవమ్మా."

నాగరాణి ఫోను తీసింది. వేలి తోలు ఊడి ఉండటంతో ఫోను ఆమె వేలిముద్రను గుర్తుపట్టలేదు. నంబరు కొట్టి తెరిచి, ఓటీపీ చదివింది. సేవకు ఎన్ని చుక్కలు ఇస్తారని యాప్ అడిగింది. మూడు నొక్కితే 'కారణం వెయ్యి అక్షరాలకు తగ్గకుండా రాయండి' అంది. ఐదు నొక్కితే నోరు మూసుకుంది.

ఆ సాయంత్రమే సీలు తీశారు. తలుపు తెరవగానే మేకలు అనంతయ్యను ఒక పక్కకు తోసి, జీపును రెండు పక్కలా చుట్టుకుని, కంచె వైపు పరుగెత్తాయి. వెనకబడ్డ ముసలి మేక ఒకటి వెళ్తూ వెళ్తూ విడుదల ఉత్తర్వును సంతకంతో సహా నమిలేసింది. మూడు రోజుల్లో మొదటిసారి శివయ్య నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. నాగరాణి చేతులు వెనక్కి పెట్టుకుని చూస్తూ నిలబడింది.

'గోరు మిత్ర' అక్కడితో ఊరుకోలేదు. జిల్లాలో పరిష్కారమైన ఫిర్యాదులు నూటికి నూరు శాతమని నివేదిక పంపింది. (వచ్చిన ఫిర్యాదు ఒక్కటే.) దాని ఆధారంగా పైనుంచి గట్టి ఆదేశాలు వచ్చాయి. నెల తిరగకముందే జ్యోతిరాణి కొత్త పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇగో, నీ లొల్లికి సర్కారే కదిలిందంట. సీసాలన్ని మార్పిచ్చిన్రు. ఇగ సంబరమేనా?"

నాగరాణి గుండె ఎగిరి గంతేసింది. ఒక సీసా తీసింది. అదే రోజీ క్వీన్. మూత తీసింది. అదే పెట్రోలు బంకు. కొత్తదల్లా పక్కన అంటించిన ఎర్రచీటీ ఒక్కటే: 'హెచ్చరిక: ఇందులో హానికర రసాయనాలు కలవు. మేకలకు వాడరాదు.'

ముందు కుర్చీలో కరణ్‌కోట నుంచి వచ్చిన పెళ్లికూతురు కూర్చుని ఉంది. చీటీ చదివి, చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అక్కా, హానికరమని రాసిన్రు గద. నాకేమన్న అయితదా?"

"నీకు కొమ్ములున్నయా చెల్లె?"

"లేవక్కా."

"అయితే రూలు ప్రకారం నీకేం గాదు. చెయ్యి ఇటియ్యి."