నూకాలు వండిన చప్పిడి గుగ్గిళ్లు

ఒక పెద్ద అడవిలో, ఏటిగట్టు మీద నేరేడు చెట్ల నీడన ఒక బడి ఉండేది. ఆ బడిలో ఎలుగుబంటి నూకాలు వంటమనిషి. ఎలుగుబంటిని పట్టుకుని వంటమనిషి అనడమేమిటని అడక్కండి. ఆకలితో వచ్చినవాళ్లకి వేడివేడిగా వండి పెట్టేవాళ్లని ఇంకేమనాలో నాకు తెలియదు.

బడి వదిలేసరికి సాయంత్రం నాలుగయ్యేది. పిల్లల ఇళ్లు దూరం. పొద్దున తిన్న గడ్డిపరకో గింజో ఎప్పుడో అరిగిపోయేది. ఒకనాడు ఒక జింకపిల్ల ఇంటికెళ్లే దారిలో కళ్లు తిరిగి పడిపోయింది. సంగతి సింహం రాజుగారి దాకా వెళ్లింది.

ఆయనకి మండుకొచ్చింది. "నా అడవిలో జింకపిల్ల పడిపోతే నా వల్ల పడిపోవాలి గానీ ఆకలివల్ల పడిపోవడమేమిటి?" అని గర్జించి, ఆ వారమే సాయంకాలపు చిరుతిండి పథకం పెట్టించాడు. సగం దినుసులు రాజుగారి కొట్టు నుంచి సబ్సిడీగా వస్తాయి. మిగతా సగానికి తల్లిదండ్రులు తలా గుప్పెడు గింజలు పంపాలి. బడి వదలగానే ప్రతి పిల్లకీ ఒక మోదుగాకు దొప్పెడు తిండి.

నూకాలు చేతిలో ఏముందో గానీ, అవే అలసందలు, అవే చిలగడదుంపలు, ఆమె వండితే వాసన ఏటికి అవతలి ఒడ్డుదాకా వెళ్లేది. వాళ్లమ్మ కూడా వంటల్లో పేరుమోసిన ఎలుగే. "నా తల్లి నాకు గుహ ఇవ్వలేదు, తేనెపట్టు ఇవ్వలేదు, ఈ చెయ్యొక్కటే ఇచ్చింది" అని నూకాలు చెప్పుకునేది. చెప్పుకునేటప్పుడు కాస్త గర్వం ఉండేది. ఉండదా మరి?

పథకం రెండు నెలలు హాయిగా నడిచింది. మూడో నెలలో ఒక కోతిపిల్ల ఇంటిదగ్గర పచ్చి వెలక్కాయలు తిని, నొప్పి మాత్రం బళ్లో పడింది. ఇంకేముంది, పై నుంచి కాగితం వచ్చింది. ఇకమీదట పిల్లలకి పెట్టే ముందు బాధ్యత గల పెద్దలు ఒక్క ముద్ద రుచి చూసి, రుచి రిజిస్టర్లో సంతకం చెయ్యాలి.

కాగితంలో తప్పేమీ లేదు. ఎంతమంది పెద్దలో రాయలేదు, అంతే. ముద్ద ఎంతుండాలో కూడా రాయలేదు.

మొదటి రోజు హెడ్మాస్టరు కొంగ మాస్టారు ముక్కుతో నాలుగు గింజలు తీసుకుని, కళ్లు మూసుకుని తిని, "అద్భుతంగా ఉంది నూకాలూ" అని సంతకం చేశారు. రెండో రోజు ఎనిమిది గింజలు తిన్నారు. మూడో రోజు తల్లిదండ్రుల కమిటీ చైర్మన్ కొండముచ్చు, "నేను మాత్రం బాధ్యత లేనివాణ్ణా?" అంటూ తోక భుజాన వేసుకుని వచ్చాడు. వారం తిరిగేసరికి సూపర్‌వైజరు అడవిపంది వరాలరావు గారి చెవిన పడింది. ఆయన పరిధిలో పన్నెండు బళ్లున్నాయి. సాయంత్రం నాలుగింటికి మాత్రం ఆయన నూకాలు పొయ్యి దగ్గరే ఉండేవారు.

"ఉప్పు సరిపోయిందో లేదో ఒక ముద్దలో తేలడం లేదు. ఇంకో ముద్ద పెట్టు" అనేవారు. "అడుగున ఒకలా, పైన ఒకలా ఉంటుంది. గరిటె లోపలికి పోనీ" అనేవారు. చివరికి మూతి తుడుచుకుని, "నాణ్యత తృప్తికరం" అని రాసి వెళ్లేవారు.

ఒక సాయంత్రం వరస చివర నిలబడ్డ ఉడుతపిల్ల చిట్టెమ్మ దగ్గరికి వచ్చేసరికి గంగాళంలో గరిటె గరగరమంది. ఆ పిల్ల రెండో తరగతి చదువుతోంది. ఖాళీ దొప్పలోకి ఓసారి చూసి, దొప్ప ఎత్తి వాసన పీల్చుకుంది.

"ఫర్వాలేదులే నూకాలత్తా. ఇయాళ నాకు వాసన వచ్చింది" అంది.

పిల్ల వెళ్లిపోయాక నూకాలు పొయ్యి ముందు కూలబడి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లింది.

"ఏటండీ మాస్టారూ ఇది? పెద్దోళ్లు రుచి సూడ్డానికే గంగాళం సాలకపోతే పిల్లగుంటలకేటి పెట్టమంటారు?"

కొంగ మాస్టారు ఒంటికాలి మీద నిలబడి ఆలోచించారు. ఆయన ఏ సమస్యకైనా కాలు మారుస్తారు గానీ మాట మార్చరు.

"రూలు ఉంది కదమ్మా" అన్నారు.

"గుంటలు తినాలని కూడా రూలుంది కదండీ."

"ఉంది. కానీ దానికి రిజిస్టరు లేదు" అన్నారాయన. ఆ మాట అన్నాక ఆయనకే కాస్త సిగ్గేసినట్టుంది. ఏటివైపు చూస్తూ ఉండిపోయారు.

దారి చూపించింది తెలివి కాదు, పొరపాటు. మర్నాడు నూకాలు ఆ దిగుల్లోనే వంట చేసి, గుగ్గిళ్లలో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. తాలింపు కూడా పెట్టలేదు. వరాలరావు గారు ఒక ముద్ద నోట్లో వేసుకుని, నమలడం ఆపేశారు. కొండముచ్చు ఉమ్మేశాడు. కొంగ మాస్టారు మింగలేక కక్కలేక, మెడ పొడుగు కాబట్టి చాలాసేపు అవస్థ పడ్డారు. ముగ్గురూ ముక్తసరిగా సంతకాలు చేసి వెళ్లిపోయారు.

గంగాళం నిండుగా ఉంది. నూకాలు దానికేసి చూసింది, వెళ్లిపోతున్న పెద్దలకేసి చూసింది. చటుక్కున బాణలి పెట్టి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు చిటపటలాడించి గంగాళంలో కుమ్మరించింది. ఉప్పు కలిపింది. కొబ్బరి కోరు చల్లింది. ఆ రోజు చిట్టెమ్మ రెండుసార్లు పెట్టించుకుంది. ముళ్లపంది కవలలు తిన్నచోటే పడుకున్నారు.

ఆ మర్నాటి నుంచి వంట రెండు వంటలైంది. సంతకాల ముందు చప్పిడి వంట, సంతకాల తర్వాత అసలు వంట. పిల్లలకి ఒక్కసారి చెబితే చాలు, అర్థమైపోయింది. పెద్దలు ఉన్నంతసేపూ మొహాలు వేలాడేసుకుని, "ఇయాళ కూడా గుగ్గిళ్లేనా" అని మూలిగేవాళ్లు. కోతిపిల్ల ఒకటి కడుపు పట్టుకుని దొర్లబోతే, నూకాలే దాని చెవి మెలేసింది. "అంత అక్కర్లేదురా. మళ్లీ ఇంకో కాగితం తెప్పిస్తావా ఏటి?" అంది.

పిల్లలు నున్నగా తేలారు. నూకాలు పేరు మాత్రం మట్టిగొట్టుకుపోయింది.

రిజిస్టర్లో పేజీ తర్వాత పేజీ. "రుచి లేదు." "నోట పెట్టలేము." "గడ్డి నయం." ఏటి రేవులో ఆడజంతువులు ఆమె వస్తుంటే మాటలు ఆపేసేవాళ్లు. కొండమీది నుంచి సొంత చెల్లెలు దిగివచ్చి, "అమ్మ సేతి పేరంతా ఏట్లో కలిపేసినావు కదే అక్కా" అని ఏడ్చిపోయింది. నిజం నూకాలు నోటిదాకా వచ్చింది. కానీ చెల్లెలి నోట్లో మాట దాగదు. ఇయాళ చెబితే రేపు సాయంత్రానికి వరాలరావు గారు గరిటెతో సహా దిగుతారు. ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఎంత కష్టమో బాగా వండేవాళ్లకే తెలుస్తుంది.

ఏడాది చివర బళ్లకి ర్యాంకులు వచ్చాయి. తెల్లకొండ బడికి మొదటి స్థానం. అక్కడ రోజుకి పధ్నాలుగు మంది పెద్దలు రుచి చూస్తారు, పధ్నాలుగు సంతకాలూ బ్రహ్మాండం అంటాయి. పైగా ఏడాది పొడుగునా ఒక్క పిల్లకి కూడా కడుపునొప్పి రాలేదట. తింటే కదా రావడానికి. ఏటిగట్టు బడికి ఆఖరి స్థానం. విషయం తేల్చడానికి రుచుల కమిషనరు ఏనుగు గారు స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది.

కొంగ మాస్టారు పరుగున పొయ్యి దగ్గరికి వచ్చారు.

"నూకాలూ, నీ కాళ్లు పట్టుకుంటాను. ఈ ఒక్కరోజు వెనకటిలా వండు. కమిషనరు గారికి నచ్చితే నీకు పాకరత్న బిరుదు, శాలువా. నచ్చకపోతే ఉద్యోగం ఊడుతుంది. సూపర్‌వైజరు గారు వాళ్ల మరదల్ని వంటకి పెడదామని ఇప్పటికే తీసుకొచ్చి చింతచెట్టు వెనకాల నిలబెట్టారు."

నూకాలు ఉప్పు కుండకేసి చూసింది. పాకరత్న. చెల్లెలు వింటుంది. రేవులో అందరూ వింటారు. పోయిన అమ్మ పేరు ఒక్క గుప్పెడు ఉప్పుతో తిరిగొస్తుంది. చప్పగా పెడితే పేరూ పోతుంది, పనీ పోతుంది. మరదలుగారు వచ్చాక గంగాళంలో ఏముంటుందో, ఎవరి ఇంటికి పోతుందో దేవుడికెరుక.

ఆమె ఉప్పు గుప్పిట పట్టి గంగాళం మీదికి చెయ్యి చాపింది. బాణలి కూడా వేడెక్కింది. చిట్టెమ్మ ఎప్పుడొచ్చిందో, దొప్ప పట్టుకుని పక్కనే నిలబడి ఉంది.

"ముందే ఉప్పేసేస్తున్నావా అత్తా?" అంది.

"ఊఁ" అంది నూకాలు.

"అయితే నేను బేగి ఇంటికెళ్లిపోతాను. ఏనుగు గారి ముద్దంటే మా అందరిదీ కదా" అని, దొప్పని జాగ్రత్తగా మడిచి, వెళ్లబోయింది. దాని గొంతులో కోపం లేదు. అదే నూకాలుకి తట్టుకోలేనిదైంది.

ఆమె గుప్పిట విప్పి ఉప్పు మళ్లీ కుండలో పోసేసింది. బాణలి దింపేసింది. "కూకో" అంది. "ఉంటే ఉంటాను, పోతే పోతాను. ఇయాళ మాత్రం మీరు తినే ఎల్తారు."

కమిషనరు గారు వచ్చారు. ఆయన భుజం మీద రూల్సు చదివే చిలక ఉంది. ఏడాది రిజిస్టరు అంతా ముందే చదివారు కాబట్టి, తొండం చివరతో ఒకే ఒక్క అలసంద గింజ తీసుకున్నారు. అది ఆయన నోట్లో ఏ మూల పడిందో గానీ, మొహం మాత్రం పూర్తిగా మాడిపోయింది.

"ఘోరం" అన్నారు.

"నేను మొదటినుంచీ అదే మొత్తుకుంటున్నానండి" అన్నారు వరాలరావు గారు ఉత్సాహంగా. "ఈమెని తీసేద్దాం. ఇంకొకరు సిద్ధంగా ఉన్నారు."

నూకాలు తల వంచుకుని నిలబడింది.

"తొలగించడానికి రూలేమిటి?" అన్నారు కమిషనరు గారు.

చిలక గొంతు సవరించుకుంది. "వంట బాగులేదని ముగ్గురు అధికారులు నెలరోజులపాటు, రోజూ దొప్పెడు పూర్తిగా తిని, ధ్రువీకరించాలి."

కమిషనరు గారు వరాలరావు గారి వైపు చూశారు.

"నాకు ఈమధ్య గ్యాసు ఎక్కువగా ఉంటోందండి. డాక్టరు అలసందలు వద్దన్నాడు" అన్నారాయన. కొండముచ్చు చెట్టెక్కేశాడు. కొంగ మాస్టారు కాలు మార్చారు.

"అసలు ఈ రుచి చూడటం ఎందుకు పెట్టారు?" అన్నారు కమిషనరు గారు.

"ఆరోగ్య రక్షణ కోసం" అంది చిలక.

"ఎవరి ఆరోగ్యం?"

చిలక కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. "అది రాయలేదండి."

"అయితే మనదే" అని తేల్చేశారు కమిషనరు గారు. "రాసుకో. ఏటిగట్టు బడి తిండి అధికారుల ఆరోగ్యానికి హానికరం. ఇకమీదట ఏ అధికారీ, ఏ కమిటీ సభ్యుడూ అక్కడ ముద్ద ముట్టరాదు, నాలుగింటికి ఆ దరిదాపులకి పోరాదు."

"మరి పిల్లలండీ?" అని కొంగ మాస్టారు నసిగారు. ఆయన జీవితంలో అదే పెద్ద సాహసం.

"గంగాళం రోజూ ఖాళీ అవుతోందా?"

"అవుతోందండి."

"అంటే వాళ్లకి అలవాటైపోయింది. అలవాటైన తిండి మారిస్తే జబ్బు చేస్తుంది. ఆమెనే ఉండనీ" అని కమిషనరు గారు వెనుదిరిగారు. దారిలో మూడుసార్లు నోరు పుక్కిలించారట. వరాలరావు గారు చింతచెట్టు వెనక్కి వెళ్లి మరదలికి ఏం చెప్పుకున్నారో మనకెందుకు.

మర్నాడు బడి ముందు ఎర్ర అక్షరాల బోర్డు వెలిసింది. "హెచ్చరిక: ఈ బడి చిరుతిండి పిల్లలకు మాత్రమే. అధికారులు తినరాదు."

నూకాలు దాన్ని చిట్టెమ్మ చేత రెండుసార్లు చదివించుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కొంచెం ఏడ్చింది. ఏడాది తర్వాత మొదటిసారి ఉప్పు ముందే వేసి, తాలింపు ముందే పెట్టి, ఒక్క వంటే వండింది. దొప్ప నాకుతూ ముళ్లపంది కవలలు, "అత్తా, మీ అమ్మ ఇంకా బాగా వండేదా?" అని అడిగారు. "వండేది. కానీ దానికి సంతకాలు ఎవరూ పెట్టలేదు" అంది నూకాలు.

నెల తిరక్కుండానే తెల్లకొండ బడి వంటమనిషి దుమ్ములగొండి ఏరు దాటి వచ్చింది. మెడలో పాకరత్న శాలువా ఉంది, మొహం మాత్రం పీక్కుపోయి ఉంది. ఆ వెనక మరో నలుగురు బళ్ల వంటవాళ్లు. వరసగా కూర్చుని, ఎవరైనా వింటున్నారేమోనని చుట్టూ చూసుకుని, మెల్లగా అడిగారు.

"అక్కా, నీలాగా పాడుగా వండటం మాక్కూడా నేర్పుదూ."

నూకాలు గరిటె పక్కన పెట్టి, పమిట దోపుకుని, పాఠం మొదలుపెట్టింది.

కథ విన్నాక నీతి లేకపోతే కొందరికి నిద్రపట్టదు కాబట్టి చెబుతున్నాను: పిల్లల వంటకి ముందుగా సమకూర్చుకోవలసిన దినుసు చెడ్డపేరు.