కిర్రుమనని కుర్చీలు

ఆ రోజు కత్తెర వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి కాఫీ, తొమ్మిదింటికి ప్రివ్యూ హాలు, ఒంటిగంటకల్లా కిర్రుల లెక్క, నాలుగింటికి సినిమా థియేటర్లకి పంపడం, ఐదున్నరకి ఇంటికొచ్చి మొక్కలకి నీళ్ళు పోయడం. అంతా కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే కూతురు డ్యూటీకి వెళ్తూ అది చదివి, "నాన్నా, ఇందులో భోజనం లేదు" అని పెన్సిలుతో మధ్యలో ఇరికించి వెళ్ళింది.

కత్తెర అని అందరూ పిలిచే ఈయన సినిమా ఎడిటర్. అసలు పేరు టైటిల్స్‌లో తప్ప ఎక్కడా కనపడదు. ప్రేక్షకుల ఓపిక కొలవడానికి ఆయనకో సొంత పద్ధతి ఉంది. ఆ ప్రివ్యూ హాల్లో అరవై పాత కుర్చీలున్నాయి. మనిషి కాస్త కదిలితే చాలు, కిర్రుమంటాయి. జనాన్ని వాటిలో కూర్చోబెట్టి, తాను వెనక మూల చీకట్లో చిన్న టార్చిలైటు పట్టుకుని, తెర వైపు చూడనైనా చూడకుండా, ఏ నిమిషంలో ఎన్ని కిర్రులు వినిపించాయో గీతలు గీసుకునేవాడు. గీతలు గుంపుగా పడ్డచోట కత్తెర పడేది. మనిషి నోరు మొహమాటానికి బాగుందంటుంది గానీ నడుముకి మొహమాటం లేదని ఆయన సిద్ధాంతం. పాతికేళ్ళలో అది తప్పిన రోజు లేదు.

ఈసారి గొడవ నాలుగు నిమిషాల దగ్గర వచ్చింది. సినిమా మూడు గంటల నాలుగు నిమిషాలుంది. జనం ఫోన్లో అరనిమిషం వీడియోని కూడా చివరిదాకా చూడలేకపోతున్నారనీ, మూడు గంటలకి పైనున్న ఆ నాలుగైనా తీసెయ్యాలనీ ప్రొడ్యూసర్ పట్టుబట్టాడు. ఏ నాలుగు అని అడిగితే ఆయన వేలు తిన్నగా గుండీ సీను మీదకి వెళ్ళింది. అందులో పాట లేదు, ఫైటు లేదు, మాట కూడా లేదు. కూతురు మొదటిరోజు ఉద్యోగానికి బయల్దేరుతుంటే కోటు గుండీ ఊడిపోతుంది. కుట్టడం రాని తండ్రి సూదిలో దారం ఎక్కించలేక అవస్థపడి, వేలికి గుచ్చుకుని, ఎలాగో కుట్టి, మిగిలిన దారాన్ని పళ్ళతో కొరుకుతాడు. అంతే.

మొదటి సినిమా తీస్తున్న దర్శకురాలు, అది తీసేస్తే టైటిల్స్‌లోంచి తన పేరు కూడా తీసెయ్యమంది.  కత్తెర ఎక్కడైనా కొయ్యగలడు గానీ ఆ సీను దగ్గర ఆయనకి చెయ్యి రాదు. భార్య పోయిన ఏడాది, గుమ్మం ముందు స్కూలు బస్సు హారన్ కొడుతుంటే, కూతురి గౌనుకి ఆయన కూడా ఒక గుండీ కుట్టాడు. తొందరలో వెనక్కి తిప్పి కుట్టాడు. ఆ పిల్ల ఏమీ అనకుండా దాన్ని ఏడాదంతా అలాగే వేసుకుంది. ఈ సంగతి ప్రొడ్యూసర్‌కి చెప్పుకునేది కాదు. అందుకని కుర్చీలనే అడుగుదామన్నాడు. ఆ నాలుగు నిమిషాల్లో పది కిర్రులు దాటితే సీను పోయినట్టు, దాటకపోతే ఉన్నట్టు. ఇద్దరూ సరేనన్నారు.

తొమ్మిదింటికి హాలు నిండింది. నిండా ప్రొడ్యూసర్ చుట్టాలే. ముందు వరసలో ఆయన మేనత్త సైన్యాధిపతిలా కూర్చుంది. తలుపు దగ్గర హాలు చూసుకునే పెద్దాయన పాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ కత్తెరని చూసి ఎందుకో మురిసిపోతూ నవ్వాడు. కత్తెర కూడా నవ్వి, తన మూలకి పోయి, పెన్సిల్ చెక్కుకున్నాడు.

సినిమా మొదలైంది. పది నిమిషాలైనా ఒక్క కిర్రు లేదు. అరగంటకీ లేదు. కత్తెర చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు, చేతి గడియారాన్ని చెవికి ఆనించి చూసుకున్నాడు. గడియారం వినపడుతోంది, జనమే వినపడటం లేదు. ఇంటర్వెల్ తర్వాత ఆయన పెన్సిల్ మళ్ళీ చెక్కుకున్నాడు. గుండీ సీను వచ్చింది. ప్రొడ్యూసర్ రెండుసార్లు దగ్గాడు. హాలు నిశ్శబ్దంగా ఉంది. మళ్ళీ రెండుసార్లు, ఈసారి గట్టిగా దగ్గాడు. నిశ్శబ్దమే. తెరమీద దారం కొరికేసరికి ప్రొడ్యూసర్ కళ్ళనీళ్ళ పర్యంతమయ్యేలా దగ్గుతున్నాడు. పక్కవాళ్ళు మంచినీళ్ళిచ్చారు.

దీపాలు వెలిగాక కత్తెర కాగితం పైకెత్తి చూపించాడు. మూడు గంటల నాలుగు నిమిషాలకి ఒక్క గీత లేదు.  తన జీవితంలో ఇలాంటి కాగితం చూడలేదన్నాడు. ప్రొడ్యూసర్ అది లాక్కుని రెండువైపులా తిప్పి చూసి, ఆ సంతోషంలో దాచాల్సింది కూడా కక్కేశాడు.

"నేను దగ్గితే కదలమని చెప్పి కూర్చోబెట్టానయ్యా వీళ్ళని. చెప్పినా కదల్లేకపోయారు. సినిమా అలా అతికించేసింది కుర్చీలకి."

"ఒరేయ్, కదిలాంరా," అంది మేనత్త. "నువ్వు దగ్గినప్పుడల్లా నడుం విరిగేలా కదిలాం. కావాలంటే మీ చిన్నాన్నని అడుగు, అదిగో ఇంకా లేవలేకపోతున్నాడు."

"చూశావా, మాట నిలబెట్టుకోలేదని నేను కోప్పడతానని భయం," అని ప్రొడ్యూసర్ ఆవిడ భుజం తట్టాడు. "నీకేం భయం లేదత్తా. నువ్వు కదలకపోవడమే నాకు కావాలి."

ఇక ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. మూడు గంటలు మెదలకుండా కూర్చున్నవాళ్ళు ఇంకో అరగంట కూర్చోరా అన్నాడు. కత్తెర పద్దెనిమిది నిమిషాల కారు ఛేజింగ్‌ని మూడుకి దించి ఉన్నాడు, హీరో మేనమామ ఇరవైమూడు నిమిషాల హాస్యాన్ని మొత్తం ఎత్తేశాడు. అవన్నీ వెనక్కి వచ్చాయి. దర్శకురాలు ఆనందం పట్టలేక మెట్లు రెండేసి చొప్పున దిగుతూ ఎక్కుతూ తిరిగింది. గుండీ సీను దక్కిందన్న సంబరంలో కత్తెర కూడా ఈల వేస్తూ అతికించాడు. నాలుగింటికి మూడు గంటల నలభై రెండు నిమిషాల సినిమా థియేటర్లకి వెళ్ళిపోయింది. రోజుకి నాలుగు ఆటలు వేసే థియేటర్లవాళ్ళు మూడే వేయగలమని మొత్తుకుంటే, ఆ మూడూ నిండుతాయని ప్రొడ్యూసర్ ఫోన్లో ఒట్టేసి చెప్పాడు. భోజనం ఎవరికీ గుర్తు రాలేదు.

ఐదింటికి కత్తెర మర్చిపోయిన ఫ్లాస్కు కోసం హాల్లోకి వెళ్ళాడు. పెద్దాయన ఎదురొచ్చాడు.

"ఇవాళ మీకు హాయిగా ఉందా సార్?"

"దేనికి పెద్దాయనా?"

"పాతికేళ్ళుగా చూస్తున్నా కదండీ. ఈ కుర్చీల గోల భరించలేక మీరు మూల కూర్చుని, కిర్రుమన్నప్పుడల్లా కాగితం మీద గీత గీసుకుంటా చిరాకు పడతారు. పైకి ఒక్కరోజూ ఒక్క మాట అనలేదు. మనసాగక పొద్దున్నే వచ్చి అరవై కుర్చీలకీ నూనె పెట్టా."

కత్తెర దగ్గర్లో ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చుని అటూ ఇటూ ఊగాడు. కుర్చీ వెన్నలా కదిలింది. ఆయన పెద్దాయన చేతుల వైపు చూశాడు. గోళ్ళ సందుల్లో నల్లటి జిడ్డు ఇంకా పోలేదు. తనని పాతికేళ్ళు గమనించి, జాలిపడి, వంగి వంగి అరవై కుర్చీలు తుడిచిన మనిషి.

"చాలా హాయిగా ఉంది పెద్దాయనా," అన్నాడు. తలుపు దాకా నింపాదిగా నడిచి, దాటగానే పరిగెత్తాడు.

విషయం విన్న ప్రొడ్యూసర్ కాసేపు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఫోన్లో మేనత్తకి క్షమాపణ చెప్పాడు. ఇక మార్చే వ్యవధి లేదు, పొద్దున్నే విడుదల. రేపు సాయంత్రానికి సినిమా తేలిపోతే ముందు తీసేది ఆ గుండీనే అని, కళ్ళెత్తకుండా చెప్పాడు.

మర్నాడు మొదటి ఆటకి ప్రొడ్యూసర్, దర్శకురాలు, కత్తెర ముగ్గురూ పక్కపక్కనే కూర్చున్నారు. ఆ థియేటర్ సీట్లు మెత్తటివి, వాటిని అడిగి లాభం లేదు. కానీ అడగాల్సిన పని పడలేదు. మేనమామ హాస్యానికి ఫోన్లు మిణుగురుల్లా వెలిగాయి. కారు ఛేజింగ్ మొదలై మూడో నిమిషం దాటగానే ఒకాయన లేచాడు, వెనకే ఒక వరస లేచింది, తర్వాత హాలు సగం లేచి బయటికి నడిచింది. ప్రొడ్యూసర్ మోకాలి మీద కాగితం పెట్టుకుని తీసెయ్యాల్సినవి రాసుకుంటున్నాడు. అన్నిటికంటే పైన 'గుండీ' అని ఉంది. కత్తెర తలవంచుకున్నాడు.

ఛేజింగ్‌లో చివరి కారు బోల్తా పడే వేళకి తలుపులు తెరుచుకున్నాయి. వెళ్ళినవాళ్ళంతా తిరిగి వస్తున్నారు, చేతుల నిండా పాప్‌కార్న్ పొట్లాలు, చంకలో కూల్‌డ్రింకులు. కడుపు నింపుకోవడానికి సరంజామాతో, తీరిగ్గా, ఇక ఎక్కడికీ వెళ్ళే పని లేదన్నట్టు సర్దుకుని కూర్చున్నారు. తెరమీద గుండీ ఊడింది.

ముందు నమిలే చప్పుడు తగ్గింది. తండ్రికి దారం ఎక్కలేదు, రెండోసారీ ఎక్కలేదు. ముందు వరసలో ఒకాయన పాప్‌కార్న్ నోటిదాకా తెచ్చి అక్కడే ఆపేశాడు. సూది గుచ్చుకుంటే హాలంతా కలిసి 'స్' అంది. దారం కొరికాక ఎవరో ముక్కు చీదుకున్న శబ్దం వచ్చింది. అది ఎవరో కాదు, ప్రొడ్యూసర్. ఆయన కాగితంలో పై మాట కొట్టేశాడు.

ఆట వదిలాక మెట్ల మీదే జనం ఫోన్లు తీశారు. ఒకావిడ తన చెల్లెలికి చెబుతోంది: "కార్లు రాగానే నువ్వు బయటికెళ్ళి కావాల్సింది కొనుక్కో. ఆట మొదలైన రెండు గంటల నలభై నిమిషాలకల్లా సీట్లో ఉండు. ఆ గుండీ మాత్రం వదలకు." సాయంత్రానికి మూడు ఆటలూ నిండాయి. కూతురు డ్యూటీ దిగి, సినిమా చూసి ఇంటికొచ్చింది. ఫ్రిజ్ తలుపు మీది నిన్నటి ప్రణాళిక కాగితంలో 'భోజనం' అన్న మాట కింద రెండు గీతలు గీసి, వేడివేడిగా వడ్డించింది.

రెండో రోజు పొద్దున్నే ప్రొడ్యూసర్ ఉత్సాహంగా కత్తెర గదికి వచ్చాడు. గుండీ ఉండనిచ్చి ఛేజింగ్‌నీ మేనమామనీ తీసేద్దామని, అప్పుడు నాలుగు ఆటలు పడతాయని చెబుతుండగానే ఫోన్ మోగింది. థియేటర్ల సంఘం అధ్యక్షుడు. సినిమాలో ఒక్క నిమిషం తగ్గించినా ఊరుకునేది లేదన్నాడు. తన పాప్‌కార్న్ మిషన్ కొన్న నాటినుంచీ ఇలా తిరగలేదట, వీలైతే ఛేజింగ్‌కి ఇంకో ఐదు నిమిషాలు కలపమని బతిమాలాడు.

తర్వాతి సినిమాకి కత్తెర ప్రివ్యూ హాల్లో కూర్చోలేదు. క్యాంటీన్ కౌంటర్ పక్కన ఒక స్టూలు వేయించుకున్నాడు.